వెనక్కి వచ్చే రక్తం: మూడేళ్లలో 41 సార్లు ప్లాస్మా ఇచ్చాక

తీసుకున్న రక్తంలో ఎర్రకణాలు మళ్లీ నా ఒంట్లోకే వచ్చేస్తాయి. ప్లాస్మా దానంలో నన్ను పట్టేసిన విషయం ఇదొక్కటే. మెషీన్ కాసేపు రక్తం లాగుతుంది, గిర్రున తిప్పి రక్తంలోని ద్రవమైన పసుపురంగు ప్లాస్మాను వేరు చేస్తుంది, మిగిలిన కణాలను అదే సూది గుండా వెనక్కి పంపుతుంది. ముప్పావుగంట నుంచి గంట దాకా ఇదే తంతు. వెనక్కి పంపడం మొదలవగానే చేతిలో ఒక చల్లదనం మెల్లగా పైకి పాకుతుంది. 41 సార్లు అయినా నాకు ఆ చల్లదనం ఇష్టమే.

దీనికి ముందు మామూలు రక్తదానం చేద్దామని వెళ్లేదాన్ని. హిమోగ్లోబిన్ చాలదని రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి తీసుకున్నారు గానీ, ఆ తర్వాత రెండు వారాలు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. పోయిన ఎర్రకణాలను ఒళ్లు మళ్లీ తయారు చేసుకోవడానికి వారాలు పడుతుంది. ప్లాస్మా అలా కాదు. అందులో దాదాపు 90 శాతం నీళ్లే, ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతాయి. ప్లాస్మాకూ ముందు హిమోగ్లోబిన్ చూస్తారు, కానీ ఇచ్చాక అది పెద్దగా పడిపోదు. మొదటిసారి ఇచ్చిన రోజు సాయంత్రం మెట్లు మామూలుగా ఎక్కేశాను. ఆ సంతోషంలో తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పాను.

నేను ప్లాస్మా ఇవ్వడానికి కారణం నా స్నేహితురాలి కొడుకు. వాడికి పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లోపం ఉంది. ఇమ్యునోగ్లోబులిన్ (రోగాలతో పోరాడే యాంటీబాడీల మందు) ఎక్కిస్తూ ఉండకపోతే చిన్న జలుబు కూడా ఆసుపత్రి దాకా తెస్తుంది. ఆ మందును వేలమంది ఇచ్చిన ప్లాస్మాను కలిపి, అందులోంచి తీస్తారు. మనిషి ఇస్తేనే అది ఉంటుంది. ఇలాంటి లోపం ఉన్న ఒక్క రోగికి ఏడాది సరిపడా మందు కావాలంటే 130కి పైగా దానాలు అవసరమని చెబుతారు. అంటే నా మూడేళ్లూ కలిపినా ఒకరికి నాలుగు నెలలకు కూడా చాలవు. ఈ లెక్క తెలిశాక మానేయాలనిపించలేదు, ఇంకో నలుగురిని తీసుకెళ్లాలనిపించింది.

ఇక 27వ సారి సంగతి. అది వివరంగా చెప్పాలి.

మూడో విడత కణాలు వెనక్కి వస్తున్నాయి. చల్లదనం రావాల్సిన చోట చురుక్కుమంది. మోచేతి మడత దగ్గర బిగుసుకుపోతున్నట్టు అనిపించింది. కాసేపట్లో తగ్గుతుందిలే అని ఒక నిమిషం ఊరుకున్నాను. ఆ నిమిషం ఊరుకోకూడదు. నర్సు అవతలి వరసలో మరొకరికి సూది గుచ్చుతోంది. చూస్తుండగానే చర్మం కింద నిమ్మకాయంత ఉబ్బింది, అప్పుడు మెషీన్ అలారం మోగింది. సూది నరం అవతలి గోడను కూడా దాటేసిందట. లాగేటప్పుడు ఎలాగో రక్తం వచ్చింది, వెనక్కి తోసేటప్పుడు మాత్రం అదంతా నరం బయట చేరింది.

నర్సు పరుగున వచ్చి మెషీన్ ఆపింది, సూది తీసి గట్టిగా అదిమి పట్టుకుంది, ఐస్ ప్యాక్ పెట్టింది. ఎడమ చేతికి ప్రయత్నించారు. ఆ చేతి నరం ఎప్పుడూ సరిగ్గా దొరకదు, ఆ రోజూ దొరకలేదు. మెషీన్ గిన్నెలో నా ఎర్రకణాలు అలాగే ఉండిపోయాయి. ఇక వాటిని ఎక్కించడం కుదరదు, పారేయాల్సిందేనన్నారు. పోయిన కణాలు ఎక్కువే కాబట్టి ఎనిమిది వారాల దాకా రావొద్దని చీటీ ఇచ్చారు. రక్తం తిరిగొస్తుందనే ధైర్యంతో వెళ్లినదాన్ని, అది రాకుండానే ఇంటికి వచ్చాను. మెట్ల మీద పాత ఆయాసం మళ్లీ మొదలైంది. చెయ్యి నీలంగా, తర్వాత ఆకుపచ్చగా, ఆపైన పసుపుగా మారి మామూలు రంగుకు రావడానికి మూడు వారాలు పట్టింది.

నాకు కోపం వచ్చింది సూది జారినందుకు కాదు, అది ఎవరికైనా జరగొచ్చు. కణాలు తిరిగి రాకపోయే అవకాశం కూడా ఉందని 26 సార్లలో ఒక్కరూ నోటితో చెప్పలేదు. సంతకం పెట్టే కాగితంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. చదవని తప్పు నాదీ ఉంది. కానీ ప్రతిసారీ "మీ రక్తం మీకే వచ్చేస్తుంది" అని ధైర్యం చెప్పేవాళ్లు ఆ రెండో మాట కూడా చెప్పాలి.

ఆ తర్వాతే మిగతావి పట్టించుకోవడం మొదలుపెట్టాను. ఏమీ పోదని అందరికీ చెప్పేదాన్ని, అది పూర్తిగా నిజం కాదు. ప్రతిసారీ ట్యూబుల్లో కొంచెం రక్తం మిగిలిపోతుంది, పరీక్షలకు ఇంకొంచెం తీస్తారు. రెండేళ్లు దాటాక నా ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే లెక్క, తక్కువగా ఉందని తేలింది, కొన్నాళ్లు ఐరన్ మాత్రలు వేసుకున్నాను. నాకు ముందు నుంచీ ఐరన్ తక్కువే కాబట్టి తప్పంతా ప్లాస్మాదే అనను.

వెనక్కి వచ్చే రక్తంతో పాటు సిట్రేట్ కూడా కొంత లోపలికి వస్తుంది. గడ్డకట్టకుండా కలిపేది అదే. అది రక్తంలోని క్యాల్షియాన్ని పట్టేసుకుంటుంది, అందుకే పెదాలు, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి. మొదటిసారి అలా అయినప్పుడు నాకు చాలా టెన్షన్ వచ్చింది. చెబితే వేగం తగ్గిస్తారు, క్యాల్షియం మాత్ర ఇస్తారు, తగ్గిపోతుంది. వెంటనే చెప్పడం ముఖ్యం.

ఎన్ని రోజులకోసారి ఇవ్వొచ్చన్న నియమం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో వారంలో రెండుసార్లు ఇవ్వనిస్తారు, ఆస్ట్రేలియాలో రెండు వారాలకోసారి. నీళ్లు త్వరగా భర్తీ అయినా ప్రొటీన్లకు, యాంటీబాడీలకు అంతకంటే ఎక్కువ సమయం కావాలి. నేను మూడు నాలుగు వారాలు ఆగుతాను. నా ఒంటికి అంతకంటే తొందర వద్దనిపించింది.

ఎనిమిది వారాలు అయ్యాక కూడా ఇంకో వారం భయపడి, తర్వాత వెళ్లాను. ఇప్పుడు కుర్చీలో పడుకోగానే 27వ సారి ఏమైందో చెబుతాను. మొదటి విడత వెనక్కి వచ్చేటప్పుడు పక్కనే నిలబడమంటాను. ఎవరూ కాదనలేదు. ఆ తర్వాతి 14 సార్లూ సాఫీగానే సాగాయి, కానీ కుడి మోచేతి మడతలో ఒక మచ్చ గట్టిపడింది, సూది ఇప్పుడు దాని కింద వెతికి గుచ్చుతున్నారు. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హారిసన్ 1,173 సార్లు ఇచ్చారు, అందులో 1,163 కుడి చేతి నుంచే. ఇదివరకు ఆ అంకె చూసి ఆయన మనసును మెచ్చుకునేదాన్ని, ఇప్పుడు ఆ చేతికీ దండం పెట్టాలనిపిస్తుంది.

నేను కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్నాను, రెండు గంటలు తీరిక చేసుకోగలను, ఒక చేతికైనా మంచి నరం ఉంది. అందుకే నాకు కుదిరింది. రోజూ బరువులు ఎత్తే పని ఉన్నవాళ్లు, రెండు చేతుల నరాలూ సన్నగా ఉన్నవాళ్లు ముందు అక్కడి డాక్టరుతో మాట్లాడండి. ఏబీ గ్రూపు వాళ్లు మాత్రం ఒక్కసారైనా ఆలోచించాలని అడుగుతాను, మీ ప్లాస్మా ఏ గ్రూపు వారికైనా ఎక్కించవచ్చు.

నా ఫెర్రిటిన్ రిపోర్టు వచ్చే వారం వస్తుంది. అది బాగుంటే 42వ సారికి వెళ్తాను, లేకపోతే ఆగుతాను.