క్లాసులో కూర్చోవడానికి టెన్స్ మెషీన్ పనికొస్తుందా?

ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం దాని బయట పెరిగి నొప్పి పెట్టే జబ్బు) ఉన్న విద్యార్థులకు రెండు చానెళ్ల (రెండు జతల ప్యాడ్లను విడివిడిగా నడిపే), రీచార్జ్ చేసుకునే టెన్స్ మెషీన్ కొనదగ్గదే. చర్మానికి అతికించే ప్యాడ్ల ద్వారా సన్నని కరెంటు పంపే చిన్న పరికరం ఇది. జబ్బును నయం చేయదు, మందులకు బదులూ కాదు. చర్మం మీద పుట్టించే జలదరింపుతో, వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతాల జోరు తగ్గించడమే దీని పని. 1965లో శాస్త్రవేత్తలు మెల్జాక్, వాల్ చెప్పిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం దీనికి ఆధారం. ఉపశమనం అందరికీ ఒకేలా ఉండదు.

అసలు కిటుకంతా ప్యాడ్లలోనే. పొత్తికడుపు మీద నొప్పికి అటూ ఇటూ రెండు, లేదా నడుము కింద రెండు. మధ్య కనీసం 3 సెంటీమీటర్లు ఖాళీ. చర్మం కడిగి, బాగా ఆరాక అతికించాలి. లోషన్ రాసుకుంటే అంచులు లేచిపోయి, మిగిలిన చోట సూదులు గుచ్చినట్టుంటుంది. ఫ్రీక్వెన్సీ 80–120 హెర్ట్జ్ పెట్టి, జలదరింపు గట్టిగా తెలిసేదాకా, నొప్పి పుట్టకుండా పెంచాలి. కాసేపటికి శరీరం అలవాటుపడి మొద్దుబారినట్టనిపిస్తుంది. అప్పుడు మరో మెట్టు పెంచాలి, లేదా మారుతూ ఉండే మోడ్ ఎంచుకోవాలి. నొప్పి ముదిరాక కాదు, మొదలవుతుండగానే ఆన్ చేయడం మేలు.

బీప్ శబ్దం ఆపే వీలు లేని మోడల్ వద్దు. వైర్లున్న పరికరం కాబట్టి పరీక్ష హాలుకి ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు; గర్భం ఉంటే డాక్టర్‌ని అడగందే ముట్టుకోవద్దు. ప్యాడ్ల మీద హీట్ ప్యాచ్ అసలొద్దు.

“పాజిటివ్‌గా ఉండు” అనే సలహా కన్నా, నొప్పి పెరుగుతుంటే చేతిలో నొక్కడానికో బటన్ ఉండటమే ఎక్కువ ధైర్యం.