ఫోన్ చెవికి ఆనించాలా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలా?

బెంగళూరు మారతహళ్లిలో నా దగ్గరికొచ్చే మన తెలుగువాళ్లు ముందు అడిగేది ఇదే: "డాక్టర్ గారూ, ఫోన్ చెవికి ఆనిస్తే కేన్సరొస్తుందా?" 2011లో డబ్ల్యూహెచ్‌ఓ కేన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ, ఫోన్ నుంచి వెలువడే రేడియో తరంగాలను 2బీ వర్గంలో, అంటే "కేన్సర్ కారకం కావచ్చు" అన్న జాబితాలో పెట్టింది, రుజువైందని అనలేదు. వైరున్న ఇయర్‌ఫోన్స్‌తో ఫోన్ తలకు దూరంగా ఉంటుంది, ఆ తరంగాల తాకిడి బాగా తగ్గుతుంది.

కానీ నాకు అసలు భయం ఇయర్‌ఫోన్స్‌తోనే. సిల్క్ బోర్డ్ దగ్గర హారన్లను మించి వినపడాలని బస్సులో వాల్యూమ్ పెంచుతూ పోతారు. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చంటుంది డబ్ల్యూహెచ్‌ఓ. 90 అయితే 4 గంటలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు. మొన్నొక కుర్రాడు "చెవిలో కీచురాయి అరుస్తోంది సార్" అన్నాడు. వినికిడి పరీక్ష చేస్తే, గ్రాఫ్‌లో గీత కీచు శబ్దాల దగ్గర కిందికి జారిపోయింది, అంటే అవి సరిగా వినపడటం లేదు.

మాట్లాడటానికి ఇయర్‌ఫోన్సే మేలు. బస్సులో పాటలకు మాత్రం వద్దు.