వలస మందలో పొదుగువాపు: ట్యూబా, ఇంజెక్షనా, కలబందా?

మేత కరువైతే పాలమూరు గొల్ల, కురుమల మందలు కృష్ణా ఆయకట్టు దారి పడతాయి. నడిచే మందలో ఈనిన గొర్రెకు పొదుగు వాచిన సంగతి ముందు పిల్లను చూస్తే తెలుస్తుంది. కడుపు నిండక అరుస్తుంటుంది. తల్లి దాన్ని దగ్గరకు రానివ్వదు, వాచిన వైపు వెనక కాలు ఎడంగా వేసి కుంటుతుంది.

చన్నులోకి ఎక్కించే ట్యూబులు మందుగా మంచివే. కానీ మనకు దొరికేవి ఎక్కువగా ఆవుల కోసం చేసినవి. వాటి ముక్కు గొర్రె చన్నులోకి సులువుగా దిగదు, బలవంతం చేస్తే చన్ను దెబ్బతింటుంది. పైగా చేతులు కడుక్కోవడానికి నీళ్లు వెతుక్కునే చోట మందుతో పాటు మురికి కూడా లోపలికి పోతుంది. ఎక్కించాక పిల్ల ఆ చన్ను తాగకుండా ఎవరు కాస్తారు?

కలబంద, పసుపు, సున్నం నూరి పూయడం చవక. ఆవులకు చెప్పే కొలత 250 గ్రాముల కలబందకు 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం. పాలు పూర్తిగా పిండేసి, రోజుకు పదిసార్లు, ఐదు రోజులు పూయమంటారు. వాపు మొదట్లోనే పట్టుకుని, గొర్రెను ఒకచోట ఉంచగలిగితే సరే. రోజంతా నడిచే మందలో పదిసార్లు మాటేమో గానీ, రెండుసార్లు పూసినా గొప్పే. జ్వరం ఉంటే దీన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

నేనైతే కండకు వేసే ఇంజెక్షన్‌నే ముందు పెడతాను: డాక్టర్ రాసిన యాంటీబయాటిక్, నొప్పికి మెలాక్సికామ్. (డైక్లోఫినాక్ వద్దు. పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు, ఆ కళేబరాలు తిన్న రాబందులు చచ్చిపోతున్నాయని.) ఒక్క సూది పడగానే తగ్గిందనుకుని ఆపేయడమే మన మందల్లో అసలు చిక్కు. మంద మండలం దాటినా కోర్సు ఆగకూడదు. చీటీ, మందు సీసా దగ్గర ఉంచుకుంటే, తర్వాతి ఊళ్లో పశువైద్య సంచార వాహనం నంబరు 1962కు ఫోన్ చేసినప్పుడు వచ్చిన డాక్టర్ అక్కడి నుంచే కొనసాగిస్తారు. రోజూ ఆ చన్ను పిండేసి, పాలు మంద పడుకునే చోట కాకుండా దూరంగా గుంటలో పోయాలి. మేకపాలైనా టీకి వాడొద్దు.

పొదుగు చల్లబడి నల్లగా మారిందా, ఆ వైపు ఇక పాలకు రాదు. అప్పుడు వేసే మందు తల్లి ప్రాణం కోసమే. గొర్రెకైనా మేకకైనా ఉండేవి రెండు చన్నులే. మిగిలినదానితో ఒక పిల్ల బతకొచ్చు, కవలలైతే రెండోదాన్ని వేరే తల్లికి అలవాటు చేయాలి, లేదా సీసాతో పాలు పట్టాలి. అలాంటి గొర్రెను మరో ఈతకు ఉంచుకోవడం కన్నా కోలుకున్నాక అమ్మేయడమే మేలు. మందు వేసిన వెంటనే మాత్రం సంతకు తోలొద్దు, మాంసానికి ఎన్నాళ్లు ఆగాలో డాక్టర్‌నే అడగండి.