సైకిల్ ట్రాక్ మధ్యలో సాకర్: బ్లూమింగ్టన్‌లోని ఆర్మ్‌స్ట్రాంగ్ స్టేడియం

అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చే మనవాళ్లు బ్లూమింగ్టన్‌లో ఏం చూడాలని అడిగితే, నేను ముందు బిల్ ఆర్మ్‌స్ట్రాంగ్ స్టేడియం పేరే చెబుతాను. బాస్కెట్‌బాల్ గురించి ఇక్కడ అందరూ చెప్పేస్తారు. ఫీ లేన్ అనే వీధిలోని హాస్టళ్ల నుంచి నడిచి వెళ్లిపోయేంత దగ్గర్లో ఉన్నా, ఈ సాకర్ (మనం ఫుట్‌బాల్ అనేది) మైదానం సంగతి మనవాళ్లలో చెప్పేవాళ్లు తక్కువ. క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టని మా రూమ్ జనాన్ని కూడా లాక్కెళ్లాను. తర్వాత వాళ్లే నన్ను పిలవడం మొదలుపెట్టారు.

లోపలికి వెళ్లగానే కంటికి ఆనేది గడ్డి కాదు, దాని చుట్టూ ఉన్న సిండర్ ట్రాక్, అంటే బొగ్గు కాలిన రవ్వ పరిచిన దారి. పావు మైలు చుట్టు. పరుగు పందేల కోసం అనుకుంటారు గానీ అది సైకిళ్లది. 1951లో హోవర్డ్ విల్‌కాక్స్ యూనివర్సిటీలో 'లిటిల్ 500' అనే సైకిల్ పందెం మొదలుపెట్టారు. పనిచేస్తూ చదువుకునే విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు డబ్బు పోగుచేయడం దాని ఉద్దేశం. ఆయన తండ్రి 1919లో ఇండియానాపొలిస్ 500 కార్ల పందెం గెలిచిన డ్రైవర్. ఆ పేరు, 33 జట్లతో మొదలయ్యే పద్ధతి అక్కడి నుంచి వచ్చినవే. ముప్ఫై ఏళ్లపాటు టెన్త్ స్ట్రీట్‌లోని పాత స్టేడియంలో జరిగిన పందెం, 1981లో ఈ స్టేడియం కట్టాక ఇక్కడికి మారింది. పాత స్టేడియం ఉన్న చోట ఇప్పుడు చెట్ల తోట ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ అంటే సైకిల్ చాంపియన్ అనుకోకండి. ఆయన యూనివర్సిటీ ఫౌండేషన్ అధ్యక్షుడిగా చేసిన మనిషి, ఈ పందేన్ని పెంచి పోషించినవాడు.

సాకర్ విషయానికొస్తే, మైదానానికి జెర్రీ యేగ్లీ పేరు పెట్టారు. 1973లో సాకర్‌కి యూనివర్సిటీ జట్టు హోదా వచ్చింది. అప్పటి నుంచి 2003 దాకా ఆయనే కోచ్. ఆరు జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టాడు. మొదటిది 1982లో, డ్యూక్ యూనివర్సిటీ మీద, ఎనిమిది ఎక్స్‌ట్రా టైమ్‌లు ఆడాక! చివరి సీజన్‌ని కూడా టైటిల్‌తోనే ముగించాడు. 2012లో ఆయన కొడుకు టాడ్ కోచ్‌గా జట్టుకి ఎనిమిదో టైటిల్ వచ్చింది (మధ్యలో ఏడోది వేరే కోచ్ కింద). అన్నేళ్లు ఒకే మనిషి కింద పెరిగిన ఆట కాబట్టేనేమో, ఇక్కడి ప్రేక్షకులకు ఆట తెలుసు. గోల్ పడితేనే అరిచే రకం కాదు, మంచి పాస్ పడినా చప్పట్లు కొడతారు. నాకు బాగా నచ్చింది అదే.

కాలేజీ సాకర్‌లో గడియారం 45 నిమిషాల నుంచి సున్నాకి దిగుతుంది. చివరి పది సెకన్లు మైకులో లెక్కపెడుతుంటే, ఒక గోల్ తేడా ఉన్న రోజున పక్కనున్న ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా మన భుజం పట్టేసుకుంటారు. ఆ టెన్షన్ టీవీలో రాదు.

ఒక లోటు ఉంది. ట్రాక్ వల్ల స్టాండ్‌కీ మైదానానికీ మధ్య దూరం ఎక్కువ. కార్నర్ కిక్ దగ్గర తోపులాట సరిగ్గా కనబడదు. అందుకే కింది వరుసల కోసం ఎగబడకుండా, మధ్యలో బాగా పైన కూర్చోండి. అక్కడి నుంచి జట్టు కదలిక మొత్తం అర్థమవుతుంది. స్టాండ్‌కి పైకప్పు లేదు, కూర్చునేది బెంచీల మీద. అక్టోబర్ రాత్రి మ్యాచ్ అయితే దుప్పటి తప్పనిసరి, కిందొకటి మీదొకటి.

ఇక ఏప్రిల్. ఇదే చోటు అప్పుడు పూర్తిగా మారిపోతుంది. మగవాళ్లకు 200 చుట్లు, అంటే 50 మైళ్లు. 1988 నుంచి ఆడవాళ్ల పందెం కూడా ఉంది, 100 చుట్లు. జట్టుకి నలుగురు, వంతులవారీగా తొక్కుతారు. ఒకే గేరున్న సైకిళ్లు అందరికీ ఒకే రకం ఇస్తారు కాబట్టి డబ్బున్నవాడి సైకిల్ గెలిచే ప్రసక్తే లేదు. చూడాల్సింది ఒకరి నుంచి ఒకరికి సైకిల్ మార్పిడి. వేగంగా వస్తున్న సైకిల్ మీంచి ఒకడు పక్కకు దూకుతాడు. పక్కనే పరుగెత్తుతున్న రెండోవాడు హ్యాండిల్ అందుకుని సీటు మీదికి ఎగురుతాడు. అంతా రెండు సెకన్లు. పట్టు తప్పితే ఇద్దరూ సిండర్ మీద పడతారు, మోచేతులు గీరుకుపోతాయి. దుమ్ము మన పళ్ల మధ్య కూడా కరకరలాడుతుంది. దీనికి మాత్రం పైకి వెళ్లకండి, మార్పిడులు జరిగేవైపు కిందే కూర్చోండి.

నా లెక్కలో ఐదుకి నాలుగున్నర. ట్రాక్ దూరానికి మార్కులు తగ్గించలేదు, అది లేకపోతే ఈ స్టేడియమే లేదు. ఆ అర మార్కు తగ్గించింది పైకప్పు లేనందుకు. ఒక్కసారే వెళ్లగలిగేవాళ్లు సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం మ్యాచ్‌కి వెళ్లండి. పిల్లలుంటే ఏప్రిల్‌లో ఆడవాళ్ల పందెం రోజు తీసుకెళ్లండి.