ఆరోగ్య పరిశోధన యాప్‌కు బ్యాకెండ్: ఫైర్‌బేస్, రెడ్‌క్యాప్, ఓడీకేల్లో ఏది మేలు?

తిరుపతిలో స్విమ్స్, ఎస్వీ మెడికల్ కాలేజీ, రుయా ఉన్నాయి. కాస్త దూరంలో ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. డాక్టర్లకూ కొదవ లేదు, కోడ్ రాసే పిల్లలకూ కొదవ లేదు. అందుకే షుగర్ పేషెంట్లను ఆర్నెల్లు యాప్‌తో గమనిద్దామన్న ఆలోచన రాగానే యాప్ త్వరగానే తయారవుతుంది. స్క్రీన్లు ఎలా ఉండాలో గంటల తరబడి మాట్లాడుకుంటారు. డేటా ఎక్కడ చేరాలన్నది, అంటే బ్యాకెండ్ ఏదన్నది మాత్రం యాప్ రాసే కుర్రాడికి ఏది తెలిస్తే అదే అయిపోతుంది. సాధారణంగా అది గూగుల్ వారి ఆన్‌లైన్ సర్వీసు ఫైర్‌బేస్. చాలా అధ్యయనాలకు అది సరిపోదని నా గట్టి అభిప్రాయం.

ఫైర్‌బేస్‌లో మంచి లేకపోలేదు. దాని డేటాబేస్ ఫైర్‌స్టోర్‌లో రోజుకు 50,000 రీడ్‌లు (డేటా చదవడం), 20,000 రైట్‌లు (డేటా రాయడం) ఉచితం. చిన్న అధ్యయనానికి పైసా ఖర్చుండదు. నెట్ లేనప్పుడు ఫోన్‌లోనే దాచుకుని, సిగ్నల్ వచ్చాక పంపుతుంది. ముంబై సర్వర్లను ఎంచుకోవచ్చు, కానీ మొదట్లోనే ఎంచుకోవాలి, తర్వాత మార్చడానికి వీలుండదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. పలమనేరు దగ్గర ఒక ఏఎన్ఎం బీపీ 150 అని ఎక్కించారనుకుందాం. నెల తర్వాత ఎవరో దాన్ని 130గా మార్చారు. ఫైర్‌స్టోర్‌లో చివరగా వచ్చిన అంకే నిలుస్తుంది. పాతదేమిటో, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో మీరు విడిగా కోడ్ రాసుకుంటే తప్ప రికార్డులో ఉండదు. గైడ్‌గానీ ఎథిక్స్ కమిటీగానీ అడిగితే ఏం చూపిస్తారు?

తీసేయడంలోనూ ఇదే తంటా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలి. ఒకామె తప్పుకుంటానంటే ఆమె డాక్యుమెంట్‌ను, అంటే ఆమె పేరిట ఉన్న రికార్డును మీరు డిలీట్ చేస్తారు. కానీ ఫైర్‌స్టోర్‌లో దాని కింద విడిగా ఉన్న రికార్డుల గుంపులు (సబ్‌కలెక్షన్లు) వాటంతట అవి పోవు. ఆమె రోజువారీ రీడింగులన్నీ అలాగే ఉండిపోతాయి. నమ్మి వివరాలిచ్చిన మనిషికి ఇచ్చిన మాట అక్కడ తప్పిపోతోంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే.

డేటా సేకరించే సాఫ్ట్‌వేర్ రెడ్‌క్యాప్ పుట్టిందే పరిశోధన కోసం. 2004లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మొదలైంది. ఏ అంకెను ఎవరు ఎప్పుడు మార్చారో దానంతట అదే రాసుకుంటుంది. డేటాను ఆర్, ఎస్‌పీఎస్‌ఎస్ లాంటి గణాంక సాఫ్ట్‌వేర్‌లకు నేరుగా పంపుతుంది. నెట్ లేకుండా నింపుకోవడానికి మొబైల్ యాప్ కూడా ఉంది. లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితమే, కాకపోతే ఒప్పందం సంస్థే చేసుకోవాలి, సర్వర్ సంస్థే పెట్టుకోవాలి. పీజీ విద్యార్థి ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మీ సంస్థలో ఇప్పటికే ఉంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకండి, అదే వాడండి.

లేకపోతే నా ఓటు ఫోన్‌లో ఫారాలు నింపించే ఓడీకేకి (ఓపెన్ డేటా కిట్). ప్రశ్నలు ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటే చాలు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫారం వచ్చేస్తుంది. శేషాచలం అంచు పల్లెల్లో సిగ్నల్ లేకపోయినా నింపుకుని, ఊళ్లోకి వచ్చాక పంపొచ్చు. మన జిల్లాలకు మరో మేలుంది: ఒకే ఫారంలో తెలుగు, తమిళం, కన్నడం పక్కపక్కన పెట్టుకోవచ్చు. నగరిలో, కుప్పంలో కొందరికి తమిళంలో అడిగితేనే జవాబు సరిగ్గా వస్తుంది. దాని సర్వర్ అయిన ఓడీకే సెంట్రల్‌లో ఒక రికార్డును దిద్దితే పాత రూపం కూడా నిలిచి ఉంటుంది. ఆ సర్వర్‌ను సొంతంగా నడుపుకుంటే అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసే మనిషి ఒకరు కావాలి. ఆ బాధ్యత తీసుకునేవారు లేకపోతే సర్వర్ జోలికి వెళ్లకండి.

అడుగుల లెక్క, నిద్ర, గుండె వేగం లాంటివి పేషెంట్ ఫోన్ నుంచే నిరంతరం రావాలంటే ఓడీకే చాలదు, అది ఫారాల కోసం చేసింది. అప్పుడు ఫైర్‌బేస్ వాడండి. కానీ పేరూ ఫోన్ నంబరూ అందులో పెట్టకుండా కోడ్ నంబరుతోనే నడపండి. పాత రీడింగును మార్చకుండా ప్రతిదాన్నీ కొత్త రికార్డుగా చేర్చండి. వారానికోసారి మొత్తం డేటాను బయటకు తీసి దాచుకోండి. ఫేస్‌బుక్ 2013లో కొన్న పార్స్ అనే ఇలాంటి సర్వీసును 2017 జనవరిలో మూసేశారు. ఏడాది గడువిచ్చారు, కోడ్ కూడా బయటపెట్టారు. అయినా మధ్యలో ఉన్న అధ్యయనానికి సర్వర్ మార్చుకోవడమంటే మామూలు టెన్షన్ కాదు.

ఏది ఎంచుకున్నా మొదటి పేషెంట్‌ను చేర్చుకోకముందే ఉత్తుత్తి పేర్లతో కొన్ని రికార్డులు ఎక్కించండి. ఒకదాన్ని దిద్దండి, ఇంకొకదాన్ని పూర్తిగా తీసేయండి, అన్నీ ఎక్సెల్‌లోకి తెచ్చి గైడ్‌కు చూపించండి. అకౌంట్ మాత్రం ఎవరి సొంత జీమెయిల్ మీదా కాకుండా డిపార్ట్‌మెంట్ పేరు మీద తెరవండి. మూడేళ్ల ఎండీ అయ్యాక పీజీ వెళ్లిపోతారు, పాస్‌వర్డ్ వారితో వెళ్లిపోకూడదు.