8 అడుగుల ఫోమ్ బోర్డుతో రుషికొండ కెరటాల మీద 18 నెలలు

విశాఖపట్నం రుషికొండ తీరంలో అద్దె బోర్డు మీద ఆరు పాఠాలు నేర్చుకున్న తరువాత, కెరటాల మీద నిలబడి జారడానికి వాడే సర్ఫ్‌బోర్డు నాకంటూ ఒకటి కొనుక్కున్నాను. పొడవు 8 అడుగులు, వెడల్పు ఇరవై రెండున్నర అంగుళాలు, మందం మూడు అంగుళాల పైన, ఘనపరిమాణం 80 లీటర్ల పైచిలుకు ఉన్న ఫోమ్ బోర్డు అది. నా బరువు 68 కిలోలు. 18 నెలలుగా, సముద్రం అనుమతించిన వారాల్లో రెండు మూడు ఉదయాల చొప్పున, దాన్నే వాడుతున్నాను. ఏ కంపెనీదో ఇక్కడ రాయడం లేదు. ఇవే కొలతలతో, ఇదే పద్ధతిలో తయారైన బోర్డులు ఇంచుమించు ఒకే విధంగా ప్రవర్తిస్తాయి కాబట్టి, కొనబోయేవారికి పేరు కంటే కొలతల సంగతే ఎక్కువగా పనికివస్తుందని నా నమ్మకం.

కొనేటప్పుడు నాకు తెలిసినవారిలో చాలామంది 7 అడుగుల బోర్డు తీసుకోమన్నారు. చిన్న బోర్డు తొందరగా తిరుగుతుందనీ, మోసుకుపోవడం తేలికనీ, పెద్ద బోర్డుకు అలవాటుపడితే ఎదుగుదల ఆగిపోతుందనీ వారి వాదన. మోసుకుపోవడం గురించి వారు చెప్పింది నిజమే: కారు పైకప్పు మీద పట్టీలతో కట్టకుండా దీన్ని తీసుకువెళ్లలేను, గాలి గట్టిగా ఉన్న రోజు ఇసుకలో వంద అడుగులు నడవడానికే చేతులు లాగుతాయి. ఎదుగుదల విషయంలో మాత్రం నా అనుభవం పూర్తిగా వేరు.

అల తన ఎత్తుకు దాదాపు ఒకటింబావు రెట్ల లోతుకు చేరగానే విరుగుతుంది. మన తీరంలో చాలాచోట్ల ఇసుక ఏటవాలుగా దిగిపోవడం వల్ల ఆ లోతు హఠాత్తుగా వస్తుంది, అల నిలువుగా లేచి ఒక్కసారిగా కూలుతుంది. రుషికొండ దగ్గర కొంత నయమే గాని, అక్కడ కూడా కెరటం నిటారుగా నిలబడ్డాక దాన్ని అందుకోవడం కొత్తవారి వల్ల అయ్యే పని కాదు. పొడవూ తేలే శక్తీ ఉన్న బోర్డు, అల ఇంకా వాలుగా, నునుపుగా ఉన్నప్పుడే దానితో పాటు కదలడం మొదలుపెడుతుంది. లేచి నిలబడడానికి ఆ విధంగా చిక్కే అదనపు క్షణంలోనే నా నేర్పంతా పెరిగింది.

మొదటి రెండు నెలలు నురుగులోనే గడిపాను. విరిగిన కెరటం ఒడ్డు వైపు తోసుకువచ్చే తెల్లటి నురుగు మీద ఈ బోర్డు బల్లలాగా స్థిరంగా ఉంటుంది. నాలుగో ఉదయానికే నిలబడగలిగాను. అయితే ఈ స్థిరత్వం వల్ల ఒక నష్టం కూడా జరిగింది. ముందు మోకాళ్ల మీద లేచి, అక్కడినుంచి తీరికగా నిలబడినా బోర్డు ఊరుకుంది. ఆ అలవాటు నాలో గట్టిపడిపోయి, విరగని పచ్చకెరటాల దగ్గరకు వెళ్లాక ప్రతిసారీ మోకాలి దశలోనే పడిపోయాను. రెండు అరచేతులూ పక్కటెముకల దగ్గర ఆనించి ఒక్క ఊపులో పాదాల మీదికి రావడాన్ని, అంటే పాపప్‌ను, ఇంట్లో చాప మీద రోజుకు ముప్పై సార్లు చొప్పున నెలన్నర సాధన చేస్తే గాని అది వదలలేదు. ఈ బోర్డు కొన్నవారు మోకాళ్ల మీద లేవడాన్ని మొదటి రోజునుంచే మానుకోవాలని గట్టిగా చెబుతాను.

రెండో పాఠం, పడుకునే చోటుకు సంబంధించినది. శరీరం నాలుగు అంగుళాలు ముందుకు జరిగితే బోర్డు ముక్కు నీటిలో గుచ్చుకుని మనిషి తల్లకిందులవుతాడు. నాలుగు అంగుళాలు వెనక్కి జరిగితే తోక మునిగి, బోర్డు అలను అందుకోలేక నీటిని దున్నుతూ ఉండిపోతుంది. పొడవైన బోర్డు మీద సరైన చోటు కళ్లకు తెలియదు. ముక్కు నీటికి రెండు మూడు వేళ్ల ఎత్తులో ఉన్నప్పుడు నా గడ్డం ఎక్కడికి వస్తుందో చూసుకుని అక్కడ ఎర్ర టేపు ముక్క అంటించాను. బోర్డు మీద నేను చేసిన మార్పులన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ టేపు ముక్కే.

ఆ తరువాత కూడా పది ప్రయత్నాల్లో ఒకటో రెండో తప్ప అలలు అందలేదు. ఒక ఉదయం ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు నన్ను చాలాసేపు గమనించి, బయటికి వచ్చాక పిలిచి, "కెరటం వచ్చాక చేతులెయ్యకు బాబూ, రాకముందే ఎయ్యి. అది నీ కిందకొచ్చేసరికి నువ్వప్పటికే నడుస్తుండాల" అన్నారు. "ఎంత ముందు, తాతా?" అని అడిగితే, వయసులో ఉన్నప్పుడు తాను తెప్ప మీద ఒడ్డుకు వచ్చిన తీరు చేతులతో చూపించారు. కొయ్యదుంగలు తాళ్లతో కట్టిన తెప్పను కెరటం మీద ఒడ్డుకు చేర్చడం మన మత్స్యకారులకు తరతరాల విద్య. ఫైబర్ పడవలు వచ్చాక తెప్పలు తగ్గిపోయాయి గాని, అల వేగానికి తన వేగాన్ని ముందుగా దగ్గర చేసుకోవాలన్న సూత్రం సర్ఫ్‌బోర్డుకూ అదే. ఆరోజు నుంచి కెరటం నాకు నాలుగైదు బారల దూరంలో ఉండగానే చేతులు వేయడం, అంటే బోర్డు మీద పడుకుని చేతులతో నీటిని వెనక్కి లాగడం, మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి పదింటిలో నాలుగు అందాయి. ఆ పెద్దాయనకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

మార్చి నెలలో, దక్షిణాన ఎంతో దూరంలో పుట్టిన అలలు బంగాళాఖాతంలోకి వచ్చిన రోజుల్లో, మొదటిసారి కెరటం పక్కవాటం మీద ఎడమకు జారాను. ఈ దూరపు అలలు ఎత్తు తక్కువగా ఉన్నా ఒకదాని వెనక ఒకటి పన్నెండు, పద్నాలుగు సెకన్ల ఎడంతో క్రమంగా వస్తాయి. దగ్గరి గాలికి పుట్టినవి ఆరేడు సెకన్లకే మీద పడతాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ప్రకటించే సముద్ర స్థితి సూచనల్లో అల ఎత్తుతో పాటు ఈ సెకన్ల లెక్కను కూడా చూడడం అప్పుడే అలవాటు చేసుకున్నాను. ఎత్తు ఒకటే అయినా, సెకన్లు ఎక్కువగా ఉన్న రోజున ఈ బోర్డు పనితనం వేరుగా ఉంటుంది. వేసవిలో ఎండ ముదిరేకొద్దీ సముద్రపు గాలి లేచి నీటిని చిందరవందర చేస్తుంది కాబట్టి, సూర్యోదయం తరువాతి రెండు గంటలనే నమ్ముకున్నాను.

ఈ బోర్డు అన్ని రోజులకూ పనికిరాదు. చిన్న బోర్డును అల కిందుగా ముంచి దాటవచ్చు. ఇంత తేలే బోర్డును ముంచడం సాధ్యం కాదు. కెరటం మీదికి వచ్చేటప్పుడు రెండు పక్కలనూ పట్టుకుని, బోర్డుతో సహా నీటి కిందికి తిరగబడి, అది దాటాక మళ్లీ పైకి రావాలి. దీన్నే టర్టిల్ రోల్ అంటారు. నడుమెత్తు అలల వరకు ఇది సరిపోయింది. ఛాతీ ఎత్తు దాటితే బోర్డును చేతుల్లోంచి లాగేసుకుంటుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో సముద్రం ఎగసిపడుతున్న రోజున నేను నీటిలో దిగనే లేదు. ఒకసారి రిప్ కరెంట్, అంటే ఒడ్డునుంచి సముద్రంలోకి పారే ప్రవాహం, నన్ను లోపలికి లాగింది. బోర్డును వదలకుండా పట్టుకుని, ఒడ్డుకు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా పక్కకు కదిలి బయటపడ్డాను. ఆ నిమిషంలో 80 లీటర్ల ఫోమ్ నా కింద ఉండడం ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

లీష్, అంటే చీలమండకూ బోర్డుకూ మధ్య కట్టే తాడు, బోర్డు అంత పొడవు ఉండాలి. నాకు బోర్డుతో వచ్చినది ఆరడుగులదే. పడినప్పుడల్లా బోర్డు వేగంగా వెనక్కి దూసుకువచ్చేది, ఒకసారి చెవి పక్కన తగిలింది. తొలి రోజుల్లో సాగే గొట్టంతో చేసిన లీష్ వల్ల వెనక్కి వచ్చిన బోర్డు తగిలి, సర్ఫింగ్ దుస్తుల తయారీకి పేరుపొందిన అమెరికన్ జాక్ ఓనీల్ 1971లో ఒక కన్ను పోగొట్టుకున్నారు. వెంటనే 8 అడుగుల లీష్ కొన్నాను. నీటిలోంచి పైకి వచ్చేటప్పుడు రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకోవడం కూడా నియమంగా పాటిస్తున్నాను.

మన్నిక విషయంలో మిశ్రమానుభవం. లోపల థర్మోకోల్ జాతి ఫోమ్, దాన్ని బిగించే చెక్క పట్టీలు, పైన మెత్తటి పొర, కింద నున్నటి ప్లాస్టిక్ రేకు: ఈ నిర్మాణానికి ఉప్పునీటి కంటే ఎండ పెద్ద శత్రువు. మే నెలలో ఒక మధ్యాహ్నం ఎండలో కారు పైకప్పు మీదే గంటన్నర వదిలేస్తే పైపొర జిగురు వదిలి అరచేయంత ఉబ్బింది, అది ఇప్పటికీ తగ్గలేదు. ఫిన్‌ల, అంటే బోర్డు అడుగున తోక దగ్గర ఉండే రెక్కల, మరలు నెలకోసారి వదులవుతాయి. నేను ఒకటి సముద్రంలో పోగొట్టుకున్నాను. మెత్తటి ఫిన్‌లు వంగిపోవడం వల్ల బోర్డు మలుపు ఆలస్యంగా తీసుకునేది, పదకొండో నెలలో గట్టి ఫిన్‌లు వేశాక స్పష్టమైన తేడా కనిపించింది. పొట్ట ఒరుసుకుపోకుండా రాష్‌గార్డ్, అంటే ఒంటికి అతుక్కునే ఈత చొక్కా, తప్పనిసరి. కాళ్లు జారకుండా బోర్డు మీద రుద్దే వ్యాక్స్ (మైనం) కొనేటప్పుడు వెచ్చటి నీటి కోసం తయారైన గట్టి రకమే తీసుకోవాలి, చల్లటి నీటి రకం మన ఎండకు కరిగి జారిపోతుంది.

పద్నాలుగో నెలలో ఒక మిత్రుడి 7 అడుగుల గట్టి బోర్డును అరువు తీసుకున్నాను. ఇరవై ప్రయత్నాల్లో మూడే అందాయి. అందిన మూడింటిలోనూ అది తిరిగిన తీరు ఆనందం కలిగించింది. అయితే నా ఎడమ చేయి కుడిచేతి కంటే బలహీనంగా నీటిని లాగుతోందన్న సంగతి ఆ ఉదయమే బయటపడింది. అంతకాలమూ నా బోర్డు ఆ లోపాన్ని తన తేలే శక్తితో పూడ్చింది. మళ్లీ దాని మీదికే వచ్చి, ఎడమ చేతి మీద శ్రద్ధ పెట్టి నాలుగు నెలలు సాధన చేశాను. ఇప్పుడు పదింటిలో ఆరు అందుతున్నాయి, ఎడమకు నమ్మకంగా జారుతున్నాను, కుడికి ఇంకా తడబడుతున్నాను. కుడివైపు కూడా కుదిరి, పదింటిలో ఎనిమిది అందిన తరువాతే ఏడున్నర అడుగుల బోర్డు వెతుకుతాను; అంతవరకు ఉబ్బిన పొరతోనే ఈ బోర్డు నాతో నీటిలోకి వస్తుంది.