చుక్కల కిట్టుకే నా ఓటు, పీహెచ్ పెన్నుకు షరతులతో

మంచినీటి చేపల తొట్టి పెట్టుకున్నవాళ్లు నీటి పరీక్షకు ఒక్కటే కొనగలిగితే చుక్కల కిట్టు (నీళ్లలో మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును కార్డుతో పోల్చేది) కొనండి. పీహెచ్ పెన్ను దాన్ని చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకు మాత్రమే. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) చూపించే పెన్ను ఆర్‌వో నీళ్లు కలుపుకునేవాళ్లకూ, తొట్టి రొయ్యలు పెంచేవాళ్లకూ పనికొస్తుంది. స్ట్రిప్స్ (నీళ్లలో ముంచితే రంగు మారే పట్టీలు) పైపైన ఓ చూపు చూడడానికి సరిపోతాయి. నా తీర్పు ఇదే. ఎందుకలా అంటున్నానో తెలుసుకోవాలనుకుంటే మిగతాది చదవండి.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేసిన మనిషిని. అక్కడ విలువ ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్‌ను పొద్దున్నే నడిపి, అంకె రావాల్సిన చోటే వచ్చిందని చూశాకే మొదటి రోగి ట్యూబు ముట్టుకునేవాళ్లం. ఆ అలవాటు తొట్టి దగ్గర కూడా పోలేదు. అందుకే పెట్టె మీద కంపెనీ ఏం రాసుకుందన్నది నాకు పెద్దగా పట్టదు. అది చెప్పే అంకెను నమ్మాలంటే నేనేం చేయాలన్నదే నా లెక్క.

నా అరలో ఉన్న చుక్కల కిట్టు ఏపీఐ కంపెనీ వాళ్ల ఫ్రెష్‌వాటర్ మాస్టర్ కిట్. పీహెచ్, హై రేంజ్ పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ పరీక్షలకు 7 సీసాలు, 4 గాజు ట్యూబులు, ఒక రంగుల కార్డు వస్తాయి. కేహెచ్ (పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్ల కొలత), జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియంల కొలత) ఇందులో ఉండవు, విడిగా తెచ్చుకోవాలి. పెట్టె కొనేముందు ఇది తెలిసుండడం మంచిది, ఎందుకంటే పీహెచ్ ఎందుకు జారుతోందో కేహెచ్ చూడకుండా అర్థం కాదు. పీహెచ్‌కు రెండు సీసాలు ఎందుకంటే మామూలుది 6.0 నుంచి 7.6 వరకే, హై రేంజ్‌ది 7.4 నుంచి 8.8 వరకు చూపిస్తుంది. మామూలు సీసాతో 7.6 రంగు వచ్చిందంటే '7.6 లేదా అంతకన్నా ఎక్కువ' అని అర్థం. అక్కడితో ఆగకుండా రెండో సీసా కూడా తీయాలి.

అమ్మోనియా పరీక్ష తేలిక. 5 మి.లీ. నీళ్లలో మొదటి సీసాతో 8 చుక్కలు, రెండో సీసాతో 8 చుక్కలు వేసి, కలిపి, 5 నిమిషాలు ఆగడమే. పసుపుగా ఉంటే సున్నా, పచ్చదనం తిరిగేకొద్దీ ఎక్కువ. చిక్కల్లా సున్నాకూ 0.25కూ మధ్యే. అదే ట్యూబు చూసి మా ఆయన పచ్చగా ఉందంటారు, నేను పసుపంటాను. ఆ వాదన తెగడానికి ల్యాబు పద్ధతే దిక్కయింది. ఒక ట్యూబులో తొట్టి నీళ్లు, పక్క ట్యూబులో డిస్టిల్డ్ వాటర్ తీసుకుని రెండింటికీ ఒకేసారి చుక్కలు వేస్తాను. డిస్టిల్డ్ వాటర్ ట్యూబు కూడా అంతే పచ్చగా కనబడితే ఆ పచ్చదనం బల్బు వెలుతురుదో కార్డు అచ్చుదో తప్ప అమ్మోనియాది కాదు. రెండు ట్యూబుల మధ్య తేడా కనబడితేనే నమ్ముతాను. కార్డుతో పోల్చడం కన్నా ట్యూబును ట్యూబుతో పోల్చడం కంటికి చాలా సులువు. పసుపు వెలుగు బల్బుల కింద మాత్రం చూడకండి. పగటి వెలుతురులో, కార్డు మీది తెల్లభాగానికి ట్యూబు ఆనించి చూడాలి.

ఈ పరీక్ష చెప్పేది అమ్మోనియం రూపంలో ఉన్నదాన్ని కూడా కలిపిన మొత్తం అమ్మోనియా. చేపకు ఎక్కువ విషం విడిగా ఉన్న అమ్మోనియా. అది మొత్తంలో ఎంతన్నది పీహెచ్, వేడి బట్టి మారుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ 7 అయితే 0.6 శాతం దాకా, పీహెచ్ 8 అయితే 5 శాతం పైన. అంటే ఒకే 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము) రీడింగ్ ఒక తొట్టిలో కాస్త ఆగి చూడదగ్గది, ఇంకో తొట్టిలో వెంటనే నీళ్లు మార్చాల్సినది. పీహెచ్ పక్కన రాసుకోని అమ్మోనియా అంకెకు సగం విలువే. ఇంకో సంగతి: కుళాయి నీళ్లలో క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్రిమిసంహారకం) ఉంటే, క్లోరిన్ విరగ్గొట్టే మందు వేశాక అమ్మోనియా బయటపడి పరీక్షలో కనిపిస్తుంది. తొట్టిని అనుమానించే ముందు ఆ మందు వేసిన కుళాయి నీళ్లను కూడా ఓసారి పరీక్షించుకోవాలి.

నైట్రైట్‌కు 5 చుక్కలు, 5 నిమిషాలు. లేతనీలంగా ఉంటే లేదని, ఊదాకు తిరిగితే ఉందని. దీనితో ఏ పేచీ లేదు.

నైట్రేట్ దగ్గరే అందరూ కిట్టును తిట్టుకుంటారు. తప్పు చాలావరకు కిట్టుది కాదు. ఈ పరీక్ష నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి ఆ రంగును చూపిస్తుంది. మార్చే పదార్థం రెండో సీసాలో ఉంటుంది, నిలవ ఉంటే అడుగున పేరుకుంటుంది. అందుకే మొదటి సీసాతో 10 చుక్కలు వేశాక, రెండో సీసాను 30 సెకన్లు గట్టిగా ఊపి అప్పుడు 10 చుక్కలు వేయాలి, ఆ తర్వాత ట్యూబును నిమిషం పాటు ఊపాలి, 5 నిమిషాలు ఆగాలి. కాగితంలో రాసింది ఇదే. నేనైతే సీసాను బల్లమీద అంచుతో తట్టి, అడుగు కదిలిందని తెలిశాకే 30 సెకన్ల లెక్క మొదలుపెడతాను. ఊపడం తగ్గితే అంకె తక్కువ వస్తుంది. తక్కువ వచ్చిన అంకె చూసి సంబరపడి నీళ్లు మార్చడం మానేస్తారు, అదే అసలు ప్రమాదం. మరొకటి, నైట్రైట్ ఉన్న నీళ్లలో ఈ పరీక్ష దాన్నీ నైట్రేట్‌గానే లెక్కేస్తుంది. కాబట్టి ఇంకా సైక్లింగ్ (అమ్మోనియాను నైట్రేట్ దాకా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడం) పూర్తికాని తొట్టిలో నైట్రేట్ అంకెను పట్టించుకోకండి.

నైట్రేట్ కార్డులో 40, 80, 160 అన్నీ ఎరుపే. ఎర్రటి రంగులో తేడా పట్టడం నాకే కాదు, ఎవరికైనా కష్టం. దీనికి ఉపాయం ఉంది. సూదిలేని సిరంజితో ఒక వంతు తొట్టి నీళ్లు, మూడు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, అందులోంచి 5 మి.లీ. తీసి పరీక్షించి, వచ్చిన అంకెను 4తో గుణించాలి. రంగు నారింజ దగ్గరికి దిగుతుంది, అక్కడ కన్ను బాగా పనిచేస్తుంది.

ఇక కంట్రోల్. మొక్కల తొట్టి ఉన్నవాళ్ల దగ్గర పొటాషియం నైట్రేట్ ఎరువు ఉంటుంది. 1.63 గ్రాములు తూచి, డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, 1 లీటరు చేస్తే అది 1000 పీపీఎం నైట్రేట్. అందులోంచి 20 మి.లీ. తీసి మళ్లీ 1 లీటరు చేస్తే 20 పీపీఎం. ఈ నీళ్లతో పరీక్ష చేసినప్పుడు కార్డులో 20 రంగు రావాలి. 5 దగ్గర ఆగిపోయిందంటే ఊపడం చాలలేదు, లేదా సీసాల కాలం తీరింది. రెండోసారి బాగా ఊపి చేస్తే ఏదన్నది తేలిపోతుంది. కేహెచ్ కిట్టుకైతే వంటసోడా చాలు: 1.2 గ్రాములు 1 లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే 40 డిగ్రీల కేహెచ్, దాన్ని పదింతలు పలుచన చేస్తే 4 డిగ్రీలు. ఒక్కో చుక్కకు ఒక డిగ్రీ లెక్కన, 5 మి.లీ. నీళ్లలో నాలుగో చుక్కకు నీలం పోయి పసుపు రావాలి. ఈ రెండు సీసాలు తయారుచేసుకోవడానికి ఒక చిన్న తూకం యంత్రం కావాలి. భారం అనుకునేవాళ్లు మానేయవచ్చు. నా మటుకు నేను ఈ రెండూ లేకుండా ఏ కిట్టుకూ మార్కులు వేయను.

కేహెచ్ గురించి ఒక్క మాట. 5 మి.లీ. బదులు 10 మి.లీ. నీళ్లు తీసుకుంటే ఒక్కో చుక్క అర డిగ్రీ అవుతుంది. కేహెచ్ తక్కువగా ఉండే తొట్లకు ఈ అర డిగ్రీ చాలా ముఖ్యం.

చుక్కల కిట్టును చూసుకోవడంలో కష్టమేమీ లేదు గానీ నిర్లక్ష్యం పనికిరాదు. సీసాను నిటారుగా తలకిందులు చేసి పట్టుకోవాలి. వాల్చి పట్టుకుంటే చుక్క సైజు మారిపోతుంది. 5 మి.లీ. గీతకు నీటి వంపు అడుగుభాగం తాకాలి, అంచులు కాదు. ట్యూబును వేలితో మూసి ఊపేవాళ్లను చూస్తే ల్యాబులో అరిచినట్టే అరవాలనిపిస్తుంది నాకు. వేలి మీది చెమట, మేత, సబ్బు అన్నీ అందులోకే పోతాయి. మూత ఉన్నది అందుకే. పరీక్షకు ముందు ట్యూబును తొట్టి నీళ్లతోనే ఒకటి రెండుసార్లు తొలిచి పారబోయాలి. అయ్యాక కుళాయి నీళ్లతో కడిగి, చివర డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచి, బోర్లించి ఆరబెట్టాలి. సబ్బు వద్దు. గరుకు బ్రష్షూ వద్దు, గాజు మీద గీతలు పడితే రంగు మసకబారుతుంది. తెల్లటి ఉప్పుపొర కట్టిన ట్యూబును వెనిగర్‌లో నానబెడితే పోతుంది.

సీసాలు తొట్టి మూత మీద పెట్టకండి. లైటు వేడి, తేమ రెండూ అక్కడే. చల్లగా, చీకటిగా ఉన్నచోట నిలబెట్టి ఉంచాలి, ఒకదాని మూత ఇంకోదానికి పెట్టకూడదు. ఏపీఐ సీసాల మీద లాట్ నంబరులో చివరి నాలుగంకెలు తయారైన నెల, సంవత్సరం. మూత తీసిన తేదీని నేనే మార్కర్‌తో సీసా మీద రాస్తాను. ఆమాటకొస్తే ఈ తేదీ రాసుకోవడానికి తయారీదారులు లేబుల్ మీద చిన్న గడి ఇచ్చి ఉండాల్సింది.

ఇప్పుడు పీహెచ్ పెన్ను. ఏ కంపెనీది అన్నది వదిలేయండి, ఈ తరహా పెన్నులన్నింటి తీరూ ఒకటే. తెరమీద రెండు దశాంశాలు కనబడగానే మనిషికి నమ్మకం కుదిరిపోతుంది. 7.43 అని చూపించే పెన్ను ఖచ్చితత్వం ప్లస్ ఆర్ మైనస్ 0.1 అని వెనకాల రాసి ఉంటే, ఆ చివరి 3ను చదవడమే దండగ. పెన్ను కొస గాజు బల్బు ఎండిపోకూడదు. మూతలో పొటాషియం క్లోరైడ్ కలిసిన స్టోరేజ్ ద్రావణం కొన్ని చుక్కలు ఎప్పుడూ ఉండాలి. డిస్టిల్డ్ వాటర్‌లో నిలవ పెట్టారా, ఎలక్ట్రోడ్ లోపలి ఉప్పులు బయటికి లాగేసి పెన్ను పాడవుతుంది. పరీక్షల్లో ఇంత ఉపకారం చేసే డిస్టిల్డ్ వాటర్ ఇక్కడ శత్రువు. మూత దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుంటే భయపడక్కర్లేదు, కడిగేస్తే చాలు. బల్బును గుడ్డతో రుద్దకుండా మెత్తటి కాగితంతో అద్దాలి.

కాలిబ్రేషన్ (పెన్ను అంకెను సరిచేయడం) చేసేటప్పుడు మొదట 7.01 బఫర్ (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం), తర్వాత మీ తొట్టి ఎటు ఉంటే అటు 4.01 లేదా 10.01. వాడిన బఫర్‌ను మళ్లీ సీసాలో పోయకూడదు. 10.01 బఫర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని దిగిపోతుంది, అందుకే తెరిచి ఉంచినదాన్ని నమ్మను. కాలిబ్రేషన్ అయ్యాక పెన్నును కడిగి తాజా 7.01 బఫర్‌లో మళ్లీ ముంచుతాను. అంకె తిరిగి అక్కడికే రావాలి. వచ్చేదాకా ఎంతసేపు కొట్టుకుంటోందో కూడా చూస్తాను. మునుపటికన్నా ఆలస్యంగా నిలబడుతోందంటే బల్బు మీద జిడ్డు చేరిందని, లేదా ఎలక్ట్రోడ్‌కు వయసైందని అర్థం. మరీ పలుచని ఆర్‌వో నీళ్లలో ముంచితే మంచి పెన్ను కూడా చాలాసేపు ఊగిసలాడుతుంది. అది పెన్ను తప్పు కాదు. 'ఆటోమేటిక్ టెంపరేచర్ కాంపెన్సేషన్' అన్న మాట చూసి మోసపోకండి. అది వేడి వల్ల ఎలక్ట్రోడ్‌లో వచ్చే తేడాను సరిదిద్దుతుంది. నీటి పీహెచ్ వేడితో మారడాన్ని కాదు.

ఇంత సేవ చేసే ఓపిక ఉంటే పెన్ను బాగుంటుంది. మొక్కల తొట్టిలో పొద్దున్న ఒక పీహెచ్, లైట్లు వెలిగాక కార్బన్ డయాక్సైడ్‌ను మొక్కలు వాడుకునేకొద్దీ ఇంకో పీహెచ్ ఉంటాయి. ఆ కదలికను చుక్కలతో పట్టుకోవడం కష్టం, పెన్నుతో కళ్లముందే కనబడుతుంది. ఓపిక లేకపోతే కిట్టులోని మామూలు పీహెచ్ సీసా 3 చుక్కలు దానికన్నా నిజం చెబుతాయి.

టీడీఎస్ పెన్ను అసలు కొలిచేది నీటి విద్యుత్ వాహకతను. దాన్ని ఏదో ఒక గుణకంతో గుణించి పీపీఎంగా చూపిస్తుంది. ఒక పెన్ను 0.5, ఇంకోటి 0.7 వాడితే ఒకే నీళ్లకు రెండు అంకెలు వస్తాయి, రెండూ తప్పు కావు. అందుకే ఇంకొకరి పెన్ను అంకెతో పోల్చకండి. మీ పెన్నునే వాడుతూ నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూడండి. ఆర్‌వో ఫిల్టర్ పొర అరిగిందా లేదా చెప్పడంలో దీనికి సాటి లేదు. అమ్మోనియా, నైట్రైట్ గురించి మాత్రం దీనికి ఏమీ తెలియదు. తక్కువ టీడీఎస్ చూసి నీళ్లు శుభ్రమనుకోవడం చేపలకు ప్రాణాంతకం.

స్ట్రిప్స్‌కు తేమ పడదు. తడి చేత్తో తీసినా, డబ్బా మూత కాసేపు తెరిచిపెట్టినా మిగతావన్నీ చెడతాయి. చాలా స్ట్రిప్స్‌లో అమ్మోనియా గడి ఉండదు, కొత్త తొట్టికి కావాల్సింది ముందు అదే. అంతా బాగున్న పాత తొట్టిని వారానికోసారి పలకరించడానికి నేనూ వాడతాను. ఏదైనా గడి రంగు తిరిగిందంటే చుక్కల కిట్టు దింపుతాను.

పరీక్ష అయిన నీళ్లు తొట్టిలోకి తిరిగి పోయకండి, మొక్కల కుండీలోకీ వద్దు. నైట్రేట్ సీసాల్లో ఆమ్లం ఉంటుంది, కంట్లో పడితే ప్రమాదం. సింకులో పోసి కుళాయి బాగా వదిలేయండి, పిల్లలకు అందని అరలో పెట్టె పెట్టండి.